మనుషుల అక్రమ రవాణాను గుర్తించడం, బయటపడినవారు నిలదొక్కుకునేలా తోడ్పడడం ఎలా?

ఒక మనిషి తాను చేస్తున్న పని మానేసి రేపు పొద్దున్నే ఇంటికి బయలుదేరాలనుకుంటే బయలుదేరగలరా, బయలుదేరితే ఏం జరుగుతుందని భయపడుతున్నారు అన్న రెండు ప్రశ్నలతో ఈ పని మొదలుపెట్టండి. అక్రమ రవాణాను గుర్తించాలంటే తాళం వేసిన గదుల కోసం, ఒంటి మీద దెబ్బల కోసం చూడాలని చాలామంది అనుకుంటారు. అలాంటి చోట్లు లేకపోలేదు గాని, ఎక్కువ చోట్ల తలుపు తెరిచే ఉంటుంది. తీరని బాకీ, ఇంకొకరి బీరువాలో ఉన్న పాస్‌పోర్టు, ఊళ్ళో చెప్పి పరువు తీస్తామన్న బెదిరింపు, చుట్టూ ఎవరికీ అర్థం కాని తన భాష ఆ మనిషిని గడప దాటనివ్వవు.

చట్టం కూడా దీన్ని ఇలాగే చూస్తుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 143వ సెక్షను ప్రకారం, బెదిరించిగాని, మోసపుచ్చిగాని, అధికారాన్ని అడ్డుపెట్టుకొనిగాని, డబ్బు ఆశ చూపిగాని ఒక మనిషిని దోపిడీ కోసం కుదుర్చుకోవడం, తరలించడం, తన దగ్గర ఉంచుకోవడం, మరొకరికి అప్పగించడం, ఆ మనిషిని అందుకోవడం అన్నీ నేరాలే. రాష్ట్ర సరిహద్దు దాటించాలన్న నియమం లేదు. బాధితుల సమ్మతిని లెక్కలోకి తీసుకోనక్కరలేదని కూడా ఆ సెక్షను స్పష్టంగా చెబుతుంది కాబట్టి, "ఆమె తనంతట తానే వచ్చింది" అన్న మాట నిందితుడిని కాపాడదు. శిక్ష ఏడేళ్ళకు తగ్గదు. బాధితులు పిల్లలైతే పదేళ్ళ నుంచి యావజ్జీవం దాకా ఉంటుంది.

ప్రయాణానికి ముందే అడగవలసినవి

మనవాళ్ళను తీసుకెళ్ళేది ముక్కూ మొహం తెలియని మనిషి కావడం అరుదు. దూరపు చుట్టం, అదే వీధిలో ఉండి గల్ఫ్ వెళ్ళి వచ్చిన మహిళ, ఫోనులో పరిచయమై పెళ్ళి చేసుకుంటానన్న కుర్రాడు, అంతకు ముందు ఏడాది నలుగురిని నిజంగానే పనిలో పెట్టిన మేస్త్రి ఆ పాత్రలో కనబడతారు. కాబట్టి మనిషి మంచివాడా కాదా అన్న చర్చలోకి దిగకుండా, ప్రతిపాదనలోని వివరాలను పరీక్షించండి. పని ఎక్కడ, యజమాని ఎవరు, జీతం ఎవరి ఖాతాలో పడుతుంది, నచ్చకపోతే తిరుగు ప్రయాణం ఖర్చు ఎవరిది అన్న వాటికి "అక్కడికి వెళ్ళాక అన్నీ తెలుస్తాయి" అన్నదే జవాబైతే ప్రయాణం ఆపి విచారించాలి. విపరీతమైన తొందర, ఇంట్లోవాళ్ళకు చెప్పవద్దన్న షరతు, ఆధార్‌లో వయసు మార్పించడం, ముందుగానే తల్లిదండ్రుల చేతిలో డబ్బు పెట్టడం కూడా ప్రమాద సూచనలే.

ఇంటి పనికి కువైట్ వెళ్ళే మహిళలు కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల్లో ఎక్కువ కాబట్టి ఆ దారి గురించి కాస్త వివరంగా తెలుసుకోవడం అవసరం. వలస అనుమతి అవసరమైన (ఈసీఆర్) పాస్‌పోర్టు ఉన్న మహిళ, అటువంటి అనుమతి తప్పనిసరి చేసిన 18 దేశాల్లో ఇంటి పనికి వెళ్ళాలంటే కనీసం 30 ఏళ్ళు నిండాలి. ప్రభుత్వం అనుమతించిన సంస్థల ద్వారానే వెళ్ళాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ రాష్ట్ర ప్రభుత్వాల సంస్థలు. ప్రైవేటు ఏజెంటు ఎవరైనా కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో నమోదై ఉన్నాడో లేదో ఇంట్లో చదువుకున్న పిల్లలు అయిదు నిమిషాల్లో చూసి చెప్పగలరు. నమోదైన ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి వసూలు చేయరాదు. ఈ నిబంధనలన్నిటినీ తప్పించుకోవడానికి దళారులు వాడే ఉపాయం విజిట్ వీసా. విజిట్ వీసాతో విమానం ఎక్కిన మహిళ ప్రభుత్వ లెక్కల్లో పనిమనిషి కాదు, పర్యాటకురాలు; అక్కడ ఏదైనా జరిగితే ఆమె ఏ యజమాని ఇంట్లో ఉందో చెప్పే ఒప్పంద పత్రం ఉండదు. "ముందు విజిట్ మీద వెళ్ళు, తర్వాత ఖద్దామా (ఇంటి పనిమనిషి) వీసాకు మార్పిస్తా" అన్న మాట వినబడిన చోటే ఆగండి.

బయలుదేరేవారు తమ పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, ఏజెంటు ఫోటో, డబ్బు చెల్లించిన రసీదుల నకళ్ళను ఇంట్లో ఒకరికి ఇచ్చి వెళ్ళాలి. ప్రమాదంలో ఉన్నామని చెప్పడానికి మామూలు మాటల్లో కలిసిపోయే ఒక గుర్తు మాటను కూడా ముందే అనుకోండి. పక్కన ఎవరో నిలబడి వింటుండగా ఫోను చేసేవారికి అదొక్కటే దారి.

కాల్ సెంటరు, డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ చదువుకున్న యువకులను కంబోడియా, మయన్మార్, లావోస్ తరలించి, సైబర్ మోసాలు చేయించే కేంద్రాల్లో పెట్టడం కొత్త పద్ధతి. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఇటువంటి ముఠాను పట్టుకున్న తర్వాత తెలుగు కుటుంబాలు చాలా వాటికి తమ పిల్లలు ఎక్కడున్నారో అర్థమైంది. చెప్పిన దేశం ఒకటి, దిగిన దేశం ఇంకొకటి కావడం, ఉద్యోగం వదిలేస్తే వేల డాలర్లు కట్టాలనడం వీటి లక్షణాలు.

పనిచోట కనబడే గుర్తులు

ఇటుక బట్టీని ఉదాహరణగా తీసుకుందాం, ఎందుకంటే రోడ్డు పక్కనే ఉన్నా దాన్ని ఎవరూ చూడరు. వానలు వెనకబట్టాక ఒడిశాలోని బలంగీర్, నువాపడ ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు తెలంగాణ, ఆంధ్ర బట్టీలకు వస్తాయి. మళ్ళీ వానలకు ముందు వెళ్ళిపోతాయి. ఊళ్ళోనే సర్దారు, అంటే కూలీలను కుదిర్చే దళారి, చేతి మీదుగా అడ్వాన్సు ముడుతుంది, ఆ తర్వాత వెయ్యి ఇటుకలకు ఇంత అన్న లెక్కన అది తీరాలి. అడ్వాన్సు తీసుకున్న ప్రతి కూలీ బాధితుడని దీని అర్థం కాదు. కాని లెక్క పుస్తకం యజమాని దగ్గరే ఉండి, కూలీకి తన బాకీ ఎంత మిగిలిందో తెలియకపోతే, వారానికోసారి బియ్యం, ఉప్పు, కూరగాయలకు మాత్రమే చేతిలో కొంత పెడుతుంటే, సంతకు వెళ్ళేటప్పుడు కుటుంబమంతా కలిసి వెళ్ళనివ్వకుండా ఒకరిద్దరిని వెనక్కి ఉంచుతుంటే, జ్వరమొచ్చినా, చావు కబురొచ్చినా పంపకపోతే అది వెట్టిచాకిరీ. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అటువంటి బాకీని రద్దు చేసింది. తీర్చవలసిన బాధ్యత ఎవరికీ లేదు. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ కిందికి వస్తుందని 1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పును కూడా గుర్తుంచుకోండి.

అపార్టుమెంట్లలో ఇంటి పని చేసే చిన్నపిల్లల విషయంలో "మా ఊరి పిల్లే, చదివిస్తున్నాం" అన్న సమాధానం తరచుగా వినబడుతుంది. ఏ బడి, ఏ తరగతి అని అడిగితే తేలిపోతుంది. 14 ఏళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం 2016 సవరణ తర్వాత, సొంత కుటుంబపు పనుల్లో సాయం వంటి కొద్ది మినహాయింపులు తప్ప, నిషిద్ధం.

లైంగిక దోపిడీ జరిగే చోట బయటివారికి కనబడే గుర్తులు తక్కువ. ఆడపిల్లలు తరచుగా మారుతుండడం, ఒంటరిగా దుకాణానికి కూడా రాకపోవడం, ఆసుపత్రికి వచ్చినప్పుడు పేరు, వయసు, ఊరు పక్కనున్న మనిషే చెప్పడం, ఒకే పిల్లకు రెండు చోట్ల రెండు వయసులు నమోదై ఉండడం వంటివి ఆశా కార్యకర్తలు, నర్సులు, లాడ్జి సిబ్బంది పసిగట్టగలరు. 2018లో యాదగిరిగుట్టలో రాచకొండ పోలీసులు విడిపించిన బాలికలను నిర్వాహకులు తమ సొంత బిడ్డలుగా చుట్టుపక్కల నమ్మించారన్న సంగతి ఉపాధ్యాయులు గమనించవలసినది. పుట్టిన తేదీ పత్రం లేదు, తల్లి పోలిక మాట అటుంచి తల్లి గురించి పిల్ల ఒక్క చిన్ననాటి ముచ్చట చెప్పలేదు అంటే, బాలల సంక్షేమ కమిటీకి ఒక మాట చేరవేయడంలో తప్పు లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. వలస వెళ్ళే ప్రతి ఆడమనిషినీ అనుమానించడం, ఊరి ఆడపిల్లలను ప్రయాణాలే చేయవద్దనడం రక్షణ కాదు. అనుమానంతో గుంపు పోగవడం అంతకన్నా ప్రమాదం. పిల్లలను ఎత్తుకెళ్ళే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లతో 2018 మే నెలలో హైదరాబాదులోను, తెలంగాణ జిల్లాల్లోను అమాయకులను కొట్టి చంపారు. భాష రాని మనిషి పిల్లతో ప్రయాణిస్తుంటే వీడియో తీసి పంచడం కాదు చేయవలసినది. రైలులోనైతే 139కి, మిగతా చోట్ల 1098కి ఫోను చేయడం.

మాట కలిపే పద్ధతి

అనుమానం కలిగిన మనిషితో ఒంటరిగా, మామూలు మాటల సందర్భంలో మాట్లాడే వీలుంటేనే మాట్లాడండి. యజమానిగాని, మేస్త్రిగాని వినే దూరంలో ఉంటే పలకరింపుతో సరిపెట్టుకోండి, ఎందుకంటే మీరు వెళ్ళిపోయాక ఆ ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసింది ఆ మనిషే. "నిన్ను అమ్మేశారా?" అని ఎవరినీ అడగకూడదు. "మీ ఊరు వెళ్ళి ఎన్నాళ్ళయిందమ్మా?", "పండక్కి వెళ్ళాలంటే ఎవరినడగాలి?", "ఆధార్ కార్డు నీ దగ్గరే ఉందా?", "ఇంటికి ఫోను చేసుకుంటావా, ఎవరి ఫోనుతో?", "బాకీ ఎంతుందో లెక్క ఎవరు రాస్తారు?" అన్న ప్రశ్నలు చాలు. ఒక్కో జవాబుకు ముందు ఆ మనిషి ఎవరి వైపు చూస్తున్నారో గమనించండి. "నేను విడిపిస్తాను" అని మాట ఇవ్వవద్దు. సహాయవాణి నంబరును కాగితం మీద రాసి ఇవ్వడం కూడా కొన్నిసార్లు దెబ్బలు తెచ్చిపెడుతుంది. 112, 181 అన్నవి మూడంకెలే కాబట్టి నోటితో చెప్పి గుర్తుంచుకోమనడం మేలు.

ఫిర్యాదు ఎక్కడ, ఎలా

మీరే వెళ్ళి విడిపించే ప్రయత్నం చేయకండి. మీరు ఒకరిని బయటికి తెచ్చేలోగా మిగతావారిని వేరే చోటికి మార్చేస్తారు, ఆధారాలు మాయమవుతాయి. స్థలం ఆనవాళ్ళు, మనుషుల సంఖ్య, పిల్లలున్నారా అన్నది, వాహనాల నంబర్లు, మీరు చూసిన తేదీ, వేళ రాసి పెట్టుకుని, తక్షణ ప్రమాదం ఉంటే 112కు, పిల్లల విషయమైతే 1098కి, మహిళల విషయమైతే 181కి చెప్పండి. జిల్లాలోని మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి నేరుగా చెప్పగలిగితే ఇంకా మంచిది, ఎందుకంటే స్థానిక స్టేషను నుంచి కబురు ముందే చేరిపోతుందన్న భయం అన్ని చోట్లా నిరాధారం కాదు.

నేరం జరిగిన చోటు తమ పరిధిలోకి రాదని ఏ పోలీసు స్టేషనూ తిప్పి పంపకూడదు; జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేసి సంబంధిత స్టేషనుకు పంపాలి, ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. నమోదు చేయకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, అక్కడా కదలకపోతే మెజిస్ట్రేటును ఆశ్రయించండి. 18 ఏళ్ళలోపు వారిపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం అంటుంది. సదుద్దేశంతో చెప్పినవారిపై కేసులు పెట్టడానికి వీల్లేదు.

వెట్టిచాకిరీ విషయంలో ఫిర్యాదు కలెక్టరుకు, ఆర్డీఓకు కూడా వెళ్ళాలి. ఇక్కడే ఎక్కువ కేసులు చెడిపోతాయి. కూలీలను బట్టీ నుంచి తెచ్చి, అన్నం పెట్టి, అదే రాత్రి రైలెక్కించి పంపేస్తే అధికారులకు పని తీరినట్లు అనిపిస్తుంది గాని, వెట్టి నుంచి విడుదలైనట్లు అధికారులిచ్చే విముక్తి ధ్రువపత్రం చేతిలో లేని కూలీ తన ఊళ్ళో మళ్ళీ అదే సర్దారుకు బాకీదారుగానే మిగులుతాడు. ఒక్కొక్కరి వాంగ్మూలం వారి భాష తెలిసిన మనిషి సాయంతో నమోదు కావాలని, కుటుంబ పెద్ద పేరున ఒకే పత్రం ఇవ్వకుండా పనిచేసిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా ఇవ్వాలని, రావలసిన కూలి లెక్క కట్టించాలని పట్టుబట్టండి.

విదేశంలో చిక్కుకున్నవారి కోసం ఇక్కడి కుటుంబం విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి, హైదరాబాదులోని వలసదారుల సంరక్షణాధికారి కార్యాలయానికి తెలియజేయాలి, ఏజెంటుపై స్థానిక పోలీసు స్టేషనులో కేసు పెట్టాలి. మూడూ ఒకేసారి జరగాలి. అక్కడున్న మనిషి తన పాస్‌పోర్టు యజమాని తీసుకున్నాడని వెనకాడనక్కరలేదు. గృహ కార్మికుల పాస్‌పోర్టు యజమాని తన దగ్గర పెట్టుకోవడాన్ని కువైట్ 2015లోనే చట్టం చేసి నిషేధించింది.

బయటపడిన మొదటి రోజులు

రక్షించి తెచ్చిన మనిషి మీకు కృతజ్ఞత చెబుతారని ఎదురుచూడవద్దు. కొందరు ఏడుస్తారు, కొందరు తిడతారు, కొందరు తమను అమ్మిన మనిషినే "అక్క" అని వెనకేసుకొస్తారు, కిటికీలోంచి దూకి పారిపోవాలని చూస్తారు. పోలీసులు పట్టుకుంటే జైల్లో వేస్తారని, ఇంటికి చెప్పేస్తారని నెలల తరబడి నూరిపోసిన మాటలు ఒక్క రాత్రిలో పోవు. పైగా బయట ఇంకా తీరని బాకీ, ఆ మనుషుల చేతిలో ఉన్న బిడ్డ, ఫోనులో ఉన్న వీడియోలు ఉండవచ్చు.

అందుకే మొదట ఆకలి, నిద్ర, స్నానం, వేసుకోవడానికి తన కొలతకు సరిపోయే బట్టలు చూడండి. జరిగినదంతా చెప్పమని అడగవద్దు. వాంగ్మూలం తీసుకోవడం మెజిస్ట్రేటు పని, వైద్య పరీక్ష డాక్టరు పని. ఆ రెండింటికీ ముందు ఏం జరగబోతోందో, ఎందుకో, వద్దనే హక్కు దేనికుందో వివరించి ఒప్పుకోలు తీసుకోవడం తోడున్నవారి పని. ఏ కుర్చీలో కూర్చుంటారు, తలుపు మూయాలా తెరిచి ఉంచాలా, ఇప్పుడు మాట్లాడదామా రేపు మాట్లాడదామా అన్న చిన్న నిర్ణయాలను వారికే వదలండి. ఇంతకాలం నిద్ర లేచే వేళ నుంచి ఇంకొకరు నిర్ణయించిన జీవితం గడిపిన మనిషికి, మంచి ఉద్దేశంతోనైనా మళ్ళీ అన్నీ మీరే నిర్ణయిస్తే మనుషులు మారారే గాని పరిస్థితి మారలేదనిపిస్తుంది.

పిల్లలైతే 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. మహిళలకు జిల్లా కేంద్రంలోని సఖి కేంద్రంలో తాత్కాలిక ఆశ్రయం, వైద్యం, న్యాయ సలహా ఒకే చోట దొరుకుతాయి. ఎక్కువ కాలం ఉండవలసివస్తే మిషన్ శక్తి అనే కేంద్ర పథకం కింద శక్తి సదన్ వసతి గృహాలు ఉన్నాయి. ఇంటికి కబురు పంపే ముందు ఆ ఇంటివారి పాత్ర ఏమిటో విచారించండి. డబ్బు తీసుకుని పంపినది మేనమామే అయితే అతని చేతికే మళ్ళీ అప్పగించే తప్పు జరుగుతుంది.

ఫోటో, ఊరి పేరు, తండ్రి పేరు, చదివిన బడి పేరు ఏదీ బయటికి పొక్కకూడదు. లైంగిక నేర బాధితుల గుర్తింపు వెల్లడించడం శిక్షార్హం. ముసుగు కప్పి వరసగా నిలబెట్టి తీయించుకునే పత్రికా ఫోటోలు చట్టం దాటకపోవచ్చు గాని, ఆ చీర చూసి సొంత ఊరివారు గుర్తుపట్టగలరు.

రావలసిన డబ్బు, కాగితాలు

వెట్టి నుంచి విడుదలైనవారికి కేంద్ర పథకం కింద తక్షణ సాయంగా 30,000 రూపాయల వరకు అందుతుంది. ఆ తర్వాత పునరావాసానికి వయోజన పురుషులకు 1 లక్ష, మహిళలకు, పిల్లలకు 2 లక్షలు, లైంగిక దోపిడీ, అక్రమ రవాణా వంటి తీవ్రమైన సందర్భాల్లో 3 లక్షలు నిర్ణయించారు. పెద్ద మొత్తం నిందితుడికి శిక్ష పడడంతో ముడిపడి ఉంది కాబట్టి, అది ఎప్పటికి వస్తుందో చెప్పలేని డబ్బుగా లెక్కవేసుకోండి. దాన్ని చూపించి కొత్త అప్పు చేయనివ్వకండి. తక్షణ సాయానికి ఆ షరతు లేదు. ఇది కాక, బాధితుల పరిహార పథకం కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. నిందితుడు దొరకకపోయినా ఆ దరఖాస్తు చెల్లుతుంది. ఉచిత న్యాయవాది కోసం 15100కు ఫోను చేయవచ్చు.

డబ్బు వచ్చేలోగా బ్యాంకు ఖాతా తెరిపించండి. ఖాతా ఆమె ఒక్కదాని పేరున ఉండాలి. ఏటీఎం కార్డు, పిన్ ఆమె దగ్గరే ఉండాలి. తమ్ముడి ఫోను నంబరు ఖాతాకు కలిపితే డబ్బు తమ్ముడిదే.

ఇంటికి చేరాక

సంవత్సరాల పాటు సాగే పని ఇదే. రాత్రిళ్ళు ఉలికిపడి లేవడం, ఉన్నట్టుండి కోపం, వంట చేస్తూ చేస్తూ చూపు ఎటో నిలిచిపోవడం, చేతికొచ్చిన డబ్బు ఒక్కరోజులో ఖర్చుపెట్టేయడం పొగరు కాదు, సోమరితనం కాదు. 14416కు ఫోను చేస్తే టెలి మానస్ సలహాదారులు తెలుగులో మాట్లాడతారు. మందులు అవసరమైతే జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యుడి దగ్గరికి తోడు వెళ్ళండి. క్షయ, హెచ్ఐవి పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. పరీక్ష ఫలితం ఆమెకు తప్ప అత్తకు గాని, అన్నకు గాని తెలియవలసిన అవసరం లేదు.

ఇరుగుపొరుగు అడిగే ప్రశ్నలకు ఇంటిల్లిపాదీ ఒకే జవాబు ముందే అనుకోవాలి. "పనికి వెళ్ళింది, జీతం సరిగా ఇవ్వలేదు, వచ్చేసింది" అంటే చాలు. అది అబద్ధం కూడా కాదు. "నీ మంచికే చెబుతున్నాం", "ఇంకెవరు చేసుకుంటారు" వంటి మాటలతో హడావిడిగా పెళ్ళి కుదర్చడం చాలా ఊళ్ళలో పరిష్కారంగా చలామణి అవుతోంది. ఆ పెళ్ళిళ్ళలో కొన్ని రెండో అమ్మకానికి దారి తీస్తాయి.

ఉపాధి విషయంలో నాకు ఒక ఫిర్యాదు ఉంది. బయటపడిన ప్రతి మహిళకూ కుట్టు మిషనే ఇవ్వడం మనకు అలవాటైపోయింది. ఊళ్ళో అప్పటికే నలుగురు దర్జీలు ఉన్నా, ఆమెకు సూదిలో దారం ఎక్కించడమంటేనే విసుగైనా అదే ఇస్తాం. హైదరాబాదులోని మెహబూబ్ కీ మెహందీ అనే వేశ్యావాటికను 1996లో ఖాళీ చేయించిన తర్వాత అక్కడి పిల్లలకు బడితో మొదలైన ప్రజ్వల సంస్థ, మహిళలకు వెల్డింగు, వడ్రంగం వంటి పనులు కూడా నేర్పించింది. ఆమెకు ఏం వచ్చు, ఏం ఇష్టం, రోజు కూలి కావాలా నెల జీతం కావాలా అని అడిగాక పని వెతకండి. పదో తరగతి మధ్యలో ఆగిపోయిన పిల్లకు ఓపెన్ స్కూలు దారి ఉంది. ఒకవేళ ఆమె మళ్ళీ వలస వెళ్తానంటే గడప దగ్గర అడ్డం నిలబడడం కన్నా, ఈసారి కాగితాలు సరిగా ఉండేలా చూడడం ఉపయోగం.

కోర్టు పిలుపు వచ్చినప్పుడు

కేసు విచారణకు వచ్చేసరికి ఆమె జీవితం ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటుంది. అప్పటికి పెళ్ళి అయి ఉండవచ్చు, ఊరు మారి ఉండవచ్చు. ఫోను నంబరు మారినప్పుడల్లా దర్యాప్తు అధికారికి, పబ్లిక్ ప్రాసిక్యూటరుకు తెలియజేయడం తోడున్నవారు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే సాక్షి దొరకలేదన్న కారణంతో నిందితులు బయటపడుతున్నారు. సమన్లు ఇంటి అడ్రసుకు వచ్చి అత్తగారి చేతిలో పడకుండా, వాటిని న్యాయవాది ద్వారా గాని, సఖి కేంద్రం ద్వారా గాని అందజేయాలని కోరవచ్చు. రహస్య విచారణ కోసం, నిందితుడు కంటికి కనబడకుండా తెర కోసం, దూరమైతే దగ్గరి కోర్టు నుంచి వీడియో ద్వారా సాక్ష్యం చెప్పడం కోసం న్యాయవాది చేత ముందుగానే దరఖాస్తు వేయించండి. రాజీకి రమ్మని డబ్బు పట్టుకుని వచ్చేది చాలాసార్లు బంధువే. వచ్చిన తేదీ, అన్న మాటలు రాసి పెట్టుకుని, బెదిరింపు ఉంటే సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా స్థాయి అధికారులకు దరఖాస్తు పెట్టండి. వాయిదాకు ముందు రోజు ఆమె తన పాత వాంగ్మూలాన్ని చదువుకోవాలంటారా, చదివి వినిపించమంటారా, రేపు కోర్టు హాలు దాకా ఎవరు రావాలి, ఎవరు రాకూడదు అన్నవి ఆమెనే అడిగి, ప్రయాణ ఏర్పాట్లు ఆ ప్రకారం చేయండి.